పొదిగే కోడి – ఇరవై ఒక్క రోజుల పాఠం

జంతుశాస్త్రం చదివిన విద్యార్థులలో కోడి పిండాన్ని చూడనివారంటూ ఉండరు. డిగ్రీ ప్రయోగశాలలో 24 గంటల పిండం, 48 గంటల పిండం, 72 గంటల పిండం అంటూ ఎర్రరంగు పట్టించిన గాజుపలకలను మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తాం. రికార్డు పుస్తకంలో పెన్సిలుతో బొమ్మ గీసి, గుండె ఇక్కడ, కన్ను ఇక్కడ అని గుర్తులు పెట్టి, లెక్చరరు గారి చేత సంతకం చేయించుకుంటాం. పరీక్ష అయిపోతుంది, పిండం కథ కూడా అయిపోతుంది. ఆ 72 గంటల తరువాత ఇంకా పద్ధెనిమిది రోజులు ఉన్నాయనీ, ఆ రోజులన్నీ ఒక కోడి కదలకుండా కూర్చుంటేగాని ఆ బొమ్మ పిల్లగా మారదనీ మనం పెద్దగా ఆలోచించం.

నేనూ ఆలోచించలేదు. సిగ్గుపడవలసిన విషయం ఏమంటే నేను కోళ్ళున్న ఇంట్లోనే పుట్టి పెరిగాను. ఎం.ఎస్సీ.లో చేరేదాకా పిల్ల గుడ్డులోంచి బయటికి రావడం కళ్ళారా చూడలేదు. చూసిన తరువాత, తెలిసినంత మేరకు తోటి విద్యార్థులకు చెప్పాలనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను.

మా ఊరు, మా ఇల్లు

మాది మాదాపూరు, కొండాపూరు పక్కన ఉన్న పాత ఊరు. ఇప్పుడు దాన్ని ఊరు అంటే నవ్వుతారు. మా నాయినమ్మ కాపురానికి వచ్చిన రోజుల్లో ఇక్కడ గుండ్లు, సీతాఫలం పొదలు, జొన్న చేలు తప్ప మరేమీ లేవట. 1974లో స్థాపించిన హైదరాబాదు విశ్వవిద్యాలయం గచ్చిబౌలికి రావడం ఆమెకు గుర్తుంది. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించిన నాడు రోడ్డు పొడుగునా పోలీసులు నిలబడడం గుర్తుంది. ఆ తరువాత ఏది ఎప్పుడు వచ్చిందో ఆమె లెక్క పెట్టడం మానేసింది. చుట్టూ అద్దాల మేడలు లేచినా, మధ్యలో మా పెంకుటిల్లు, దాని ముందు వేపచెట్టు, వాకిట్లో రెండు పెట్టలు, పక్కింటివాళ్ళ పుంజు ఒకటి మాత్రం మిగిలి ఉన్నాయి.

గత సంవత్సరం సంక్రాంతికి ముందే మా నాన్న స్థలాన్ని అపార్టుమెంటు కట్టడానికి ఒప్పందం చేసుకున్నారు. ఫిబ్రవరి 28కల్లా ఇల్లు ఖాళీ చేసి అప్పగించాలి. ఇది మంచో చెడో చర్చించడం ఈ వ్యాసం పని కాదు. అక్కాచెల్లెళ్ళ పెళ్ళిళ్ళు, అప్పులు ఉన్న ఇళ్ళలో ఇటువంటివి తప్పవు. కోళ్ళను మాత్రం పండగ కాగానే అమ్మేద్దామని నిశ్చయించారు.

నేను చేసిన తప్పు

అంతకు నాలుగు నెలల ముందు నేను ఒక ప్రయోగం చేసి ఓడిపోయాను. అది చెప్పకుండా మిగతాది చెప్పడం న్యాయం కాదు.

స్నేహితుడొకడు థర్మోకోల్ పెట్టెలో రెండు 40 వాట్ల బల్బులు, ఒక చిన్న థర్మోస్టాట్ బిగించి ఇంక్యుబేటరు తయారుచేసి ఇచ్చాడు. పన్నెండు నాటుకోడి గుడ్లు పెట్టాను. పుస్తకంలో వేడి 37.5 డిగ్రీల సెంటీగ్రేడు ఉండాలని రాసి ఉంది; ఉంచాను. గుడ్లను రోజుకు కనీసం మూడు సార్లు తిప్పాలని ఉంది. ఇంటర్నల్ పరీక్షల రెండు రోజులూ మరిచిపోయాను. గాలిలో తేమ మొదటి పద్ధెనిమిది రోజులు 55, 60 శాతం, చివరి మూడు రోజులు 65 పైన ఉండాలని ఉంది. గిన్నెలో నీళ్ళు పెట్టాను గాని ఆరిపోయిందో లేదో చూడలేదు. రెండు రాత్రులు కరెంటు పోయింది.

21వ రోజున ఏమీ రాలేదు. 23వ రోజున ఒక్క పిల్ల బయటపడింది. కాళ్ళు నిలవక సాయంత్రానికి చనిపోయింది. మిగిలిన గుడ్లు పగలగొట్టి చూస్తే ఐదింటిలో ఈకలతో సహా పూర్తిగా తయారైన పిల్లలు. లోపలి పొర ఎండి కాగితంలా వాటి ఒంటికి అతుక్కుపోయింది. ముక్కుతో పెంకును కొట్టబోయి, తల తిప్పలేక ఆగిపోయాయి. పరీక్షలో మార్కులు పోతే మళ్ళీ రాసుకోవచ్చు. ఇక్కడ మళ్ళీ రాసుకోవడానికి ఏమీ లేదు.

నాయినమ్మ ఆ గుడ్లను చూసి తిట్టలేదు. “గుడ్లను కరెంటుకు అప్పజెప్పినవా బిడ్డా? కరెంటుకు కడుపుతీపి ఉంటదా?” అని మాత్రం అంది.

పొదుగుకు రావడమంటే ఏమిటి?

సంక్రాంతి వెళ్ళిన వారానికి మా ఎర్ర పెట్ట పొదుగుకొచ్చింది. గుడ్డు పెట్టే గంపలోంచి లేవడం మానేసింది. చెయ్యి పెడితే ఈకలన్నీ నిక్కబొడిచి, రెండింతలై, కసిరి పొడిచింది. కిందకు దిగితే రెక్కలు దించుకుని ‘టొక్, టొక్’ మని ఒకే తీరుగా అరుస్తూ, గబగబా నాలుగు గింజలు తిని మళ్ళీ గంపలోకి పోయింది. పొట్ట కింద ఈకలు రాలిపోయి చర్మం ఎర్రగా, వెచ్చగా కనబడింది.

దీనికి కారణం ప్రొలాక్టిన్ అనే హార్మోను. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ముందుభాగం నుంచి అది వస్తుంది. స్తన్యజంతువులలో పాలు తయారుచేయించే హార్మోను ఇదే అని మనకు తెలుసు. పక్షిలో అదే హార్మోను గుడ్లు పెట్టడాన్ని ఆపి, పొదగడాన్ని మొదలుపెడుతుంది. పొట్ట కింద ఈకలు రాలిన చోట రక్తనాళాలు పెరిగి, కోడి ఒంటి వేడి నేరుగా గుడ్డుకు తగులుతుంది. కోడి ఒంటి వేడి సుమారు 41 డిగ్రీలు. గుడ్డుకు కావలసింది 38 లోపు. ఎప్పుడు దగ్గరగా కూర్చోవాలో, ఎప్పుడు కాస్త ఎత్తి కూర్చోవాలో, ఎప్పుడు ముక్కుతో గుడ్డు దొర్లించాలో కోడికే తెలుసు. నా థర్మోస్టాట్‌కు ఒక్కటే తెలుసు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. నాటు పెట్ట ఒక విడతలో పదిహేను గుడ్ల దాకా పెడుతుంది. తరువాత మూడు వారాలు పొదుగుతుంది. ఆపైన రెండు నెలలు పిల్లలను తిప్పుతుంది. అంతా కలిపితే ఒక విడతకు మూడు నెలల పైనే. సంవత్సరానికి నాలుగు విడతలు కూడా కష్టమే. కాబట్టే నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లకు మించి పెట్టదు. వైట్ లెగ్‌హార్న్ జాతి కోడి 300 దాకా పెడుతుంది. ఎందుకంటే తరతరాలుగా పొదుగుకు కూర్చునే కోళ్ళను తీసేసి, కూర్చోనివాటి గుడ్లనే పిల్లలు చేస్తూ వచ్చారు. పొదగడం యంత్రం పనైపోయింది. గుడ్ల పరిశ్రమ దృష్టిలో పొదుగు ఒక దోషమైంది.

దీన్ని నేను నిందించడం లేదు. బి.వి.రావు గారు 1971లో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించినప్పటి నుంచి, 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ఏర్పడినప్పటి నుంచి, గుడ్డు పేదవాడి పళ్ళెంలోకి వచ్చిందంటే ఆ యంత్రాల వల్లనే. మన రాజేంద్రనగర్‌లోనే 1988లో ప్రారంభమైన కోళ్ళ పరిశోధనా సంస్థ పల్లె వాకిళ్ళ కోసం వనరాజా, గ్రామప్రియ వంటి రకాలను తయారుచేసింది. అవి నాటుకోడి కంటే ఎక్కువ గుడ్లు పెడతాయి. అయితే వాటి గుడ్లను ఇంటి దగ్గర పిల్లలు చేయించుకోవాలంటే మళ్ళీ నాటు పెట్టనే బతిమాలుకోవాలి. ఆ గుణం దాని దగ్గరే మిగిలింది.

నాన్న పెట్టిన షరతు

“ఈ ఒక్కసారి పొదగనీ” అంది నాయినమ్మ. “28కి ఇల్లు ఖాళీ చెయ్యాలె. పిల్లలు ఏడికి పోవాలె అమ్మా?” అన్నారు నాన్న. పొదుగుకొచ్చిన కోడిని నీళ్ళల్లో నాలుగు సార్లు ముంచితే ఆ మంకు వదిలిపోతుందని పక్కింటివారు సలహా ఇచ్చారు. (అది హింస. పొదుగు మాన్పించవలసివస్తే, కింద గాలి ఆడే జాలీ గూట్లో మూడు నాలుగు రోజులు గడ్డి లేకుండా ఉంచితే చాలు.)

నేను గోడ కాలెండరు తెచ్చి లెక్కవేశాను. జనవరి 24 సాయంత్రం పొదగేస్తే, ఫిబ్రవరి 14కు పిల్లలు. 28కి వాటికి రెండు వారాల వయసు. తల్లితోపాటు గంపలో పెట్టి చేవెళ్ళ వైపు ఉన్న మా మేనత్త ఊరికి చేర్చవచ్చు. నాన్న కాసేపు ఆలోచించి, “పూచీ నీది. మల్ల గా పెట్టె లెక్క చెయ్యకు” అన్నారు.

ఆ మాట గుచ్చుకుంది. అందుకే ఈసారి అన్నీ రాసి పెట్టుకున్నాను.

గుడ్ల ఎంపిక

పుంజు లేకుండా పెట్ట గుడ్లు పెడుతుంది, కాని ఆ గుడ్లు పిల్లలు కావు. మా పక్కింటి పుంజును జనవరి 10నే పండగకు అమ్మేశారు. మా దగ్గరున్న గుడ్లు 15 నుంచి 23 లోపు పెట్టినవి. ఇక లాభం లేదనుకున్నాను. అయితే పుస్తకం తిరగేస్తే ధైర్యం వచ్చింది. పెట్ట అండవాహికలో సన్నని గొట్టాలు ఉంటాయి. పుంజు వీర్యకణాలు వాటిలో పది, పన్నెండు రోజులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం సజీవంగా నిలవ ఉంటాయి. నేను ప్రతి గుడ్డు మీదా పెట్టిన తేదీ పెన్సిలుతో రాశాను. (పెన్ను వాడకూడదు. సిరా పెంకు రంధ్రాలలోంచి లోపలికి దిగవచ్చు.)

గుడ్డు పెట్టేనాటికే దానిలో పిండం వేల కణాల స్థితికి పెరిగి ఉంటుంది. చల్లబడగానే పెరుగుదల ఆగి, నిద్రపోతున్నట్టు ఉంటుంది. మళ్ళీ వేడి తగిలితే మొదలవుతుంది. అందుకే పొదగేయవలసిన గుడ్లను చల్లని చోట, వెడల్పు కొస పైకి ఉండేటట్టు, వారం రోజుల లోపే దాచాలి. నాయినమ్మ వాటిని మూలన ఉన్న మట్టికుండలో జొన్నల మధ్య పెట్టేది. మా గుడ్లలో పాతవి తొమ్మిది రోజులవి. చలికాలం కాబట్టి సరిపోయింది. మన హైదరాబాదు ఎండాకాలంలో ఇది కుదరదు. గది వేడికే పిండం సగం సగం పెరిగి చచ్చిపోతుంది. మే నెలలో పొదగేస్తే మురిగ్గుడ్లే మిగులుతాయని పెద్దలు అనేది ఇందుకే.

మరీ పెద్దవి, మరీ చిన్నవి, పెంకు పలచనివి, నెర్రె ఇచ్చినవి తీసేయాలి. మురికి ఉంటే పొడిగుడ్డతో తుడవాలి. కడగకూడదు, కడిగితే పెంకు పైన ఉండే రక్షణ పొర పోతుంది. ఎన్ని పెట్టాలి? కోడి పొట్ట కింద ఒక్క గుడ్డు కూడా బయటికి కనబడకూడదు. మా పెట్టకు పదకొండు సరిపోయాయి. “బేసి లెక్కనే పెట్టాలె” అంది నాయినమ్మ. నడుమ ఒకటి ఉంచి చుట్టూ పేర్చితే గుండ్రంగా కుదురుతాయని ఆమె మాట.

గూడు

పాత వెదురుగంపలో అడుగున ఇంత ఇసుక, దాని మీద కొంచెం కట్టె బూడిద, ఆపైన మెత్తటి వరిగడ్డి వేసి, మధ్యలో పళ్ళెంలా గుంట చేసింది నాయినమ్మ. ఇసుక వల్ల గుడ్లు అంచుకు దొర్లిపోవు. బూడిద కోడిపేలను చంపుతుంది. పేలు పట్టిన కోడి రాత్రిపూట గుడ్లు వదిలి లేచిపోతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. చివరగా ఒక ఇనుప మేకు, ఒక బొగ్గు ముక్క గడ్డిలో దోపింది. ఉరుములకు గుడ్లు చెడకుండానట. ఉరుముకు గుడ్డు చెడదు, మేకు వల్ల ఒరిగేదీ లేదు. ఆ మాట ఆమెతో అన్నాను. “ఉంటే నీకేం బరువా?” అంది. ఉండనిచ్చాను.

గంపను వంటింటి వెనక చీకటి మూలన, ఇటుకల మీద పెట్టాం. కోడిని గూట్లో చేర్చవలసింది చీకటి పడిన తరువాతనే. పగలు మారిస్తే పాతచోటికే పరుగెత్తుతుంది. రాత్రి మెల్లిగా ఎత్తి గుడ్ల మీద దించితే, తెల్లవారేసరికి అదే తన ఇల్లనుకుంటుంది.

ఇరవై ఒక్క రోజులు

కోడి రోజుకు ఒక్కసారి, పదిహేను ఇరవై నిమిషాలు లేస్తుంది. జొన్నలు తిని, నీళ్ళు తాగి, పెద్దగా ఒక్కసారే విసర్జించి, దుమ్ములో పొర్లాడి తిరిగి వస్తుంది. ఆ కాసేపు గుడ్లు చల్లబడితే ఏమవుతుందోనని మొదట్లో నేను గడియారం పట్టుకుని నిలబడేదాన్ని. ఏమీ కాదు. ఆ కొద్దిపాటి చల్లదనాన్ని గుడ్డు ఓర్చుకుంటుంది. లేవకుండా మొండికేస్తే మాత్రం మనమే మెల్లిగా ఎత్తి గింజల దగ్గర దించాలి. లేకపోతే గూట్లోనే రెట్ట వేసి గుడ్లు పాడుచేస్తుంది.

రెండో రోజు ముగిసేలోగానే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ రెండువేల మూడువందల ఏళ్ళ కిందట రోజుకో గుడ్డు పగలగొట్టి చూసి, మూడు రోజులయ్యాక తెల్లసొనలో నెత్తుటి చుక్కలా గుండె కదులుతూ కనబడుతుందని రాశాడు. హాంబర్గర్, హామిల్టన్ అనే ఇద్దరు 1951లో ఈ ఇరవై ఒక్క రోజులనూ 46 దశలుగా విభజించారు. నేటికీ ప్రయోగశాలలలో అదే కొలబద్ద.

ఏడో రోజు రాత్రి గుడ్లు పరీక్షించాం. నేను సెల్‌ఫోను టార్చి మీద గుడ్డు నిలబెట్టాను. నాయినమ్మ కాలంలో పొద్దున్నే పెంకుల సందులోంచి పడే ఎండకు గుడ్డు పట్టి, పిడికిలి గొట్టంలా చేసి చూసేవారట. రెండు పద్ధతులూ ఒకటే. బతికిన గుడ్డులో సాలెపురుగులా మధ్యలో నల్ల చుక్క, చుట్టూ ఎర్రటి నరాలు కనబడతాయి. తొమ్మిదింటిలో కనబడ్డాయి. రెండు మాత్రం ఖాళీగా, పచ్చగా వెలిగాయి. తేదీలు చూస్తే 22, 23. పుంజు పోయిన పన్నెండో రోజు, పదమూడో రోజు పెట్టిన గుడ్లు! పుస్తకంలో చదివింది మా వంటింట్లో పెన్సిలు గీతల్లో కనబడేసరికి నాకు కలిగిన సంతోషం చెప్పలేను. పదకొండు గుడ్లతో సిద్ధాంతం నిలబడదని తెలుసు. అయినా సంతోషం సంతోషమే.

పద్నాలుగో రోజున ఒక గుడ్డులో నరాలు చెరిగి, నెత్తుటి వలయం మాత్రం మిగిలింది. పిండం చనిపోయిందన్నమాట. అది తీసేయకపోతే మురిగి, పగిలి, మిగతావాటిని చెరుస్తుంది. ఎనిమిది మిగిలాయి. మిగతా గుడ్లలో వెడల్పు కొస దగ్గర గాలిసంచి తప్ప అంతా నల్లగా నిండిపోయింది.

పద్ధెనిమిదో రోజు నుంచి గుడ్లను ముట్టుకోకూడదు. ఇక పిల్ల తనను తాను సర్దుకుంటుంది. ముక్కు గాలిసంచి వైపు తిరుగుతుంది. మిగిలిన పచ్చసొన సంచి మొత్తం పొట్టలోకి పోతుంది. 20వ రోజున ముక్కు గాలిసంచిలోకి పొడిచి మొదటి ఊపిరి తీస్తుంది. ఆ రాత్రి చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. గుడ్డులోంచి సన్నగా ‘కిచ్’ మంది. గంపలోంచి పెట్ట ‘టొక్’ మని బదులు చెప్పింది. పుట్టకముందే తల్లీపిల్లలు మాట్లాడుకుంటారన్నమాట. నా థర్మోకోల్ పెట్టెలోని ఆ ఐదు కూడా పిలిచే ఉంటాయి.

ఫిబ్రవరి 14 తెల్లవారుజామున ముక్కు చివర ఉండే చిన్న తెల్లని పన్నుతో పెంకుకు రంధ్రం పెట్టాయి. రంధ్రం పడ్డ తరువాత పిల్ల గంటల తరబడి విశ్రాంతి తీసుకుంటుంది. ఆ సమయంలో సాయం చేయాలని మన చేతులు ఉబలాటపడతాయి. చేయకూడదు. పొరలోని నరాల నెత్తురు అప్పటికింకా పిల్లలోకి తిరిగి పోతూ ఉంటుంది. మనం పెంకు వలిస్తే నెత్తురు కారి చనిపోతుంది. నాయినమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. సాయంత్రానికి ఏడు పిల్లలు. ఒకటి పెంకులోనే పోయింది.

పిల్లల పెంపకం

పుట్టిన మొదటిరోజు పిల్లలకు తిండి అక్కరలేదు. పొట్టలోకి తీసుకున్న పచ్చసొన రెండు రోజులదాకా సరిపోతుంది. హేచరీల నుంచి ఒకరోజు పిల్లలను పెట్టెల్లో దూరాలకు పంపగలగడం దీనివల్లనే. గుడ్లన్నీ పిగిలేదాకా తల్లి లేవకుండా కూర్చోగలగడం కూడా దీనివల్లనే.

రెండో రోజు నుంచి బియ్యపు నూకలు, చిదిపిన ఉడకబెట్టిన గుడ్డు పెట్టాం. నాయినమ్మ గోడవారగా పడివున్న పాత చాప తిరగేసి చెదపురుగులు చూపించింది. తల్లి వాటిని ముక్కుతో ఎత్తి కింద వేసి, పిలిచి తినిపించింది. పిల్లలకు మాంసకృత్తులు ఎక్కువ కావాలి. దొరికితే 20 శాతం మాంసకృత్తులుండే చిక్ మాష్ మంచిది. నీళ్ళు లోతులేని సాసరులో పోసి గులకరాళ్ళు వేయాలి, లేకపోతే పిల్లలు మునిగిపోతాయి.

తల్లి లేని పిల్లలకు మొదటివారం 35 డిగ్రీల వేడి, తరువాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ బల్బుల కింద పెంచాలి. తల్లి ఉంటే ఈ లెక్క అవసరం లేదు. చలి వేసినప్పుడు రెక్కల కిందకు, వెచ్చబడగానే బయటికి. పిల్ల కళ్ళు తెరవగానే కదిలే దానిని వెంబడించి, దాన్నే తల్లిగా గుర్తుపెట్టుకుంటుంది. బాతుపిల్లలలో, కోడిపిల్లలలో కనబడే ఈ గుణాన్ని పరిశీలించినవారిలో ముఖ్యుడు కొన్రాడ్ లోరెంజ్. ఆయనకు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది.

శత్రువులు రెండు రకాలు. ఆకాశం నుంచి గద్ద, నేల మీద పిల్లి, ముంగిస. అద్దాల మేడలు లేచినా గద్దలు ఎక్కడికీ పోలేదు. గద్ద నీడ పడగానే పెట్ట ఒకరకంగా గట్టిగా అరిచేది. పిల్లలన్నీ ఎక్కడివక్కడ నక్కేవి. అయినా ఆరో రోజున ఒకదాన్ని తన్నుకుపోయింది. తప్పు నాదే. గంప కింద కమ్మకుండా ఫోనులో మాట్లాడుతున్నాను.

రెండో శత్రువు కంటికి కనబడదు. పల్లెల్లో కొక్కెర తెగులు అంటారు, పుస్తకాలలో రాణిఖేత్ వ్యాధి. మెడ తిరిగిపోయి, పచ్చగా పారుతూ, వారం రోజుల్లో వాకిలి ఖాళీ అవుతుంది. ఒకసారి అట్లా ఒకే వారంలో ఇరవై కోళ్ళు పోయాయని నాయినమ్మ చెప్పింది. మందు లేదు, టీకా ఒక్కటే దారి. ఏడో రోజున కంట్లో ఒక్క చుక్క. సీసా నూరు పిల్లలకు సరిపడేది. కలిపిన తరువాత ఎక్కువసేపు నిలవ ఉండదు, మంచులో పెట్టి తేవాలి. ఆరు పిల్లల కోసం నూరు మోతాదుల సీసా కొన్నానని నాన్న నవ్వారు. నాయినమ్మ మాత్రం ఒక్కొక్క పిల్లనూ పట్టుకుని నా ముందుకు చాచింది. “గిది అప్పుడుంటే ఎంత బాగుండు” అంది. ఆ మేకు విషయంలో నేను ఆమె మాట విన్నట్టే, ఈ చుక్క విషయంలో ఆమె నా మాట విన్నది.

తరువాత

ఫిబ్రవరి 27 రాత్రి, కోళ్ళు సద్దుమణిగాక, తల్లినీ ఆరు పిల్లలనూ గంపలో పెట్టి, మీద తడిపి పిండిన గోనెగుడ్డ కప్పి, మేనత్త ఊరికి తీసుకుపోయాం. నల్ల పెట్టను కూడా వెంట పంపాం. నాయినమ్మ గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తెల్లారి మేము ఇల్లు అప్పగించాం.

ఎనిమిది వారాలు కాగానే తల్లి పిల్లలను పొడిచి తరిమేసిందట. అంతవరకూ ప్రాణం పెట్టినది అట్లా తరమడం వింతగా ఉంటుంది, కాని అదే దాని బడి ఆఖరి పాఠం. నెల తిరగకుండా మళ్ళీ గుడ్లు పెట్టింది. పిల్లల్లో ఒకటి పిల్లి పాలైంది. మిగిలిన ఐదింటిలో మూడు పుంజులు, రెండు పెట్టలు.

మేము ఇప్పుడు అద్దె ఇంట్లో, ఆరో అంతస్తులో ఉంటున్నాం. నాయినమ్మకు పొద్దున నాలుగు గంటలకు మెలకువ వస్తుంది. కూసేది ఏదీ లేదు. మొన్న డిసెంబరులో మేనత్త ఫోను చేసి, మన ఎర్ర పెట్ట కూతురు పొదుగుకు కూర్చున్నదని చెప్పింది. నాయినమ్మ ఫోను లాక్కుని పావుగంట మాట్లాడింది: ఎన్ని గుడ్లు, ఏ తేదీలవి, పుంజు ఉన్నదా, బూడిద వేసినవా. ఆఖరుకు, “ఏడో దినం టార్చి పెట్టి చూడు. తేదీ రాసినవా? పెన్సిలుతోనే రాయాలె” అంది.

ఆ మాట విని నేను వంటింట్లోకి పోయాను, కళ్ళు తుడుచుకోవడానికి.

విద్యార్థి మిత్రులకు

చివరిగా ఒక మనవి. మనలో చాలామంది ఇళ్ళల్లో ఇటువంటి నాయినమ్మలు, అమ్మమ్మలు ఉన్నారు. వారికి తెలిసినదంతా శాస్త్రం కాదు, అంతా మూఢనమ్మకమూ కాదు. ఇసుక, బూడిద, చీకటి మూల, చలికాలం – వీటికి కారణాలున్నాయి. ఇనుప మేకుకు లేదు. ఏది ఏదో విడదీసి చెప్పగల చదువు మనకు ఉంది. కాని విడదీయడానికి ముందు వినాలి, రాసుకోవాలి. వాకిళ్ళు పోతున్నాయి, వాటితోపాటు ఆ తెలివి కూడా పోతుంది. మన సైబరాబాదులో అది ఎంత త్వరగా పోతుందో నేను నా కాలెండరు మీద చూశాను.

ఒకవేళ మీలో ఎవరి ఇంటి వాకిట్లోనైనా ఈ చలికాలం ఒక పెట్ట పొదుగుకు వస్తే, దాన్ని నీళ్ళల్లో ముంచకండి. పదకొండు గుడ్లు, ఒక పెన్సిలు, ఇరవై ఒక్క రోజుల ఓపిక చాలు. స్లయిడు మీద 72 గంటల దగ్గర ఆగిపోయిన పాఠం పూర్తవుతుంది.